గూట్లో అగ్గిపెట్టె, జేబులో సెల్లు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. నా బిడ్డ నిద్రలో ఉండగా మా ఇంట్లో పత్తికి నిప్పంటుకోవడం. పాములంటే భయం లేదు. పురుగుమందు కంపుకి అలవాటుపడ్డాను. పస్తులు కూడా చూశాను. పత్తి సంగతి వేరు. గడ్డివాము అంటుకుంటే బిందెలు పట్టుకుని పదిమంది పరుగెత్తి రావచ్చు. ఇంట్లో పోసిన పత్తి అంటుకుంటే, అయ్యో అని నోరు తెరిచి మూసేలోపు మంట దూలం దాకా వెళ్తుంది.

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో గుర్తుందా? ఉయ్యాల పక్కన, కాలిన ఉయ్యాల చీర చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇప్పుడే కలిసినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. ప్రత్తిపాడుకి ఆరు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. మాకు రెండు గదులు. వెనక గదిలో మందు డబ్బాలు, స్ప్రేయర్లు ఉంటాయి కాబట్టి అక్కడ పసిబిడ్డని పడుకోబెట్టలేను. ముందు గదిలో మా కౌలు చేను పత్తి మనిషెత్తు పోసి ఉంది. ఆ పత్తి పక్కనే, ఎనిమిది నెలల నా ఫెబాకి నా పాత నైలాను చీరతో ఉయ్యాల కట్టాం.

ఆ రోజు పొద్దున్నే ఒక ట్రాక్టరు పత్తి జిన్నింగు మిల్లుకి బయలుదేరింది. పత్తి కుక్కిన బోరాల మీద మా మావయ్య ఎక్కి కూర్చున్నాడు. నా భర్త ప్రభు మోకులు బిగించి, లోపలికొచ్చి మంచి చొక్కా విప్పి ఉయ్యాల మేకుకి తగిలించి, మందు కొట్టే చొక్కా వేసుకుని చేలోకి నడిచి వెళ్ళిపోయాడు. నేను బిడ్డని పాలకి ఎత్తుకున్నాను. బిడ్డ నోటికి పాలు అందాయో లేదో, ప్లాస్టిక్కు మాడిన వాసన వచ్చింది. చొక్కా జేబుకి చిల్లు. దాని కింద ఉయ్యాల చీరకి, సరిగ్గా ఫెబా తల పెట్టే చోట, అదే సైజు చిల్లు. దాని కింద పత్తిలో బొటనవేలంత లావు బ్యాటరీ సెల్లు ఒకటి పడి ఉంది. చుట్టూ నాలుగైదు పింజలు టీ రంగుకి తిరిగాయి. పక్కనే బండి తాళంచెవి.

పోయిన వారం ఇంతవరకే చెప్పగలిగాను. ఆ తర్వాత ఏం చేశానంటే, పట్టకారుతో ఆ సెల్లు తీసి మట్టిమూకుట్లో ఇసక పోసి అందులో పాతిపెట్టాను. రంగు తిరిగిన పింజలు ఏరి నీళ్ళలో వేశాను. బిడ్డని చంకనేసుకుని వాకిట్లో కూర్చున్నాను. నిద్రపోతే అక్కడే పడుకోబెట్టాను. మధ్యాహ్నం దాకా లోపలికి వెళ్ళలేదు.

మా గడపకి ఒక కట్టుబాటు ఉంది. పత్తి ఇంట్లో ఉన్నన్నాళ్ళు, ఎవరొచ్చినా జేబులోని అగ్గిపెట్టె, బీడీకట్ట బయట గోడ గూట్లో పెట్టాకే గడప దాటాలి. పొయ్యి కూడా వాకిట్లోకి వచ్చేస్తుంది. ఆ కట్టుబాటు పెట్టింది మావయ్యే. పేరు మార్కు. ఆయన తమ్ముడి వరసాయన ఇల్లు ఒక్క బీడీ ముక్కకి బూడిదైపోయిందట. పోయిన ఏడు పొలం ఆసామి బాపయ్య గారు వస్తే ఆయన్నీ గడప దగ్గర ఆపేశాడు.

"ఏరా మార్కూ, నన్నే సోదా చేస్తావా?" అన్నారు బాపయ్య గారు.

"తమర్ని కాదండీ, తమరి జేబుని," అన్నాడు మావయ్య, చెయ్యి చాపి.

ఆ పెద్దాయన నవ్వుతూ లైటరు తీసి ఆ చేతిలో పెట్టారు. నేను ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. నాకు భరోసా అంటే మావయ్య చాచిన ఆ చెయ్యే.

మధ్యాహ్నం ప్రభు వచ్చాడు. మిరపచేలో మందు కొట్టి వచ్చిన రోజు స్నానం చేసేదాకా బిడ్డని ముట్టుకోడు. అందులో మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు. నాలుగు చెంబులు పోసుకుని, తల తుడుచుకుంటూ పీట మీద కూర్చున్నాడు.

"అన్నం పెట్టు."

కంచం పెట్టాల్సిన చోట మూకుడు పెట్టాను.

"ఏంటే ఇది? ఇసక తినమంటావా?"

"వేలు పెట్టి చూడు."

వేలు పెట్టాడు. సెల్లు తగిలింది. తీసి అటూ ఇటూ తిప్పాడు. మొహం వెలిగిపోయింది.

"ఓరినీ, ఇక్కడుందా! చేలో జేబులు తడుముకుని చచ్చాను. ఎక్కడ దొరికింది?"

అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, మొదట జేబు, తర్వాత ఉయ్యాల, తర్వాత పత్తి చూపించాను. చూశాడు. ఒక్క క్షణం అతని కళ్ళల్లో కూడా భయం కనపడింది. ఆ ఒక్క క్షణం అలాగే ఉండిపోయినా బాగుండేది. వెంటనే గొంతు సవరించుకున్నాడు.

"చొక్కా మేకుకి తగిలించడం నాదే తప్పు. ఇంకెప్పుడూ తగిలించను. సరేనా?"

"తప్పు మేకుదా? ఇదెందుకు నీ జేబులో ఉంది?"

జవాబుకి ఆగకుండా నేనే వెనక గదిలోకి వెళ్ళి వెతికి, మందు డబ్బాల వెనక దాచింది తీసుకొచ్చి ముందు పెట్టాను. నల్లటి గొట్టం, కొసన మూతి. అడుగున తిప్పే బిళ్ళ, దాని చుట్టూ చిన్న చిన్న అంకెలు. కరెంటు సిగరెట్టు.

"చెన్నై నుంచి నా ఫ్రెండు కరుణాకర్ తెచ్చాడు," అన్నాడు చివరికి. "దాని సెల్లు చెడిపోయింది. ఇక్కడ దొరకదు. పాత స్ప్రేయరు బ్యాటరీ ఊడదీసి చూస్తే లోపల అచ్చం అదే సైజు సెల్లులు. పెట్టాను. పనిచేసింది."

"ఫెబాని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేసిన రోజు సంఘం ముందు ఏమని ప్రమాణం చేశావు?"

"బీడీ, సిగరెట్టు, చుట్ట ముట్టనన్నాను. ముట్టానా? పాస్టరు గారు పొగ అన్నారు. ఇది పొగ కాదు, ఆవిరి. ఇడ్లీ పాత్రలోంచి కూడా ఆవిరి వస్తుంది. ఇడ్లీ తింటే పాపమా?"

"ఇడ్లీ పాత్ర జేబులో వేసుకుని తిరుగుతున్నావా నువ్వు?"

"అరవకు. బిడ్డ లేస్తుంది. దీన్లో నిప్పేముంది చెప్పు? అగ్గిపెట్టె గూట్లోనే ఉంది, పోయి చూసుకో. నాన్న పెట్టిన కట్టుబాటు నేనేం తప్పలేదు."

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. గూట్లో అగ్గిపెట్టె ఉంది. ప్రమాణం మాటకి మాట నిలిచే ఉంది. నా బిడ్డ తల కింద మాత్రం చిల్లు పడింది. నిజాలన్నీ అతని వైపు, చిల్లు ఒక్కటే నా వైపు. ఇలాంటి మనిషితో ఏమని గొడవపడాలి?

"దీన్ని దేంతో చార్జింగు పెడుతున్నావు?"

"స్ప్రేయరు చార్జరుతో. దాని సెల్లేగా!"

ఆ చార్జరు వాకిట్లోకి తెచ్చి ఎండకి వాలుగా పట్టుకున్నాను. వెనక చీమకాళ్ళంత అక్షరాలు. మా నాన్న పోయాక తొమ్మిదో తరగతి మధ్యలో నా పుస్తకాలు అటకెక్కాయి. అంకెలకి అటక లేదుగా. చార్జరు మీద పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు అని ఉంది. సెల్లు మీద చిరిగిన తొడుగు అతికించి చూస్తే మూడు పాయింట్ ఏడు.

"ఇది మూడు చిల్లర. అది పన్నెండున్నర పైన. ఎలా సరిపోతుంది?"

"ఎక్కువుంటే తొందరగా ఎక్కుతుంది. అంతే."

"ఫెబాకి పాలు కూడా అలాగే పట్టమంటావా? తొందరగా ఎక్కుతాయని బిందెడు నోట్లో కుమ్మరించనా?"

"నేను ఐటీఐ చదివినవాణ్ణే. నువ్వు తొమ్మిది కూడా పూర్తి చెయ్యలేదు. నీకేం తెలుసని?"

"ఐటీఐ ఎన్నాళ్ళు చదివావు?"

"...ఏడాది."

"నాది ఎనిమిదిన్నరేళ్ళు."

నవ్వొస్తుందనుకున్నాను. ఇద్దరికీ రాలేదు. అతను కంచం తనే తెచ్చుకుని అన్నం పెట్టుకున్నాడు. సెల్లు పక్కనే పెట్టుకుని తింటున్నాడు. తిన్నాక మళ్ళీ ఆ గొట్టంలో పెడతాడని నాకు అర్థమైంది.

"మీరా హుస్సేన్ గారికి చూపిద్దాం పద," అన్నాను. ప్రత్తిపాడులో మా చుట్టుపక్కల ఊళ్ళ స్ప్రేయర్లన్నీ బాగుచేసేది ఆయనే.

"పిచ్చా నీకు? ఇది అమ్మడమే నేరం. నలుగురికీ తెలిస్తే? పాస్టరు గారి చెవిన పడితే?"

పాస్టరు గారి చెవిన పడుతుందని భయం. బిడ్డ చెవి దగ్గర కాలితే పర్వాలేదు.

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు సెల్లు తీసి ఇసకలో పాతాను. ఊడదీసిన స్ప్రేయరు బ్యాటరీలో మిగిలిన సెల్లుల్ని ఫెబా పాతగుడ్డల్లో దేనికదే చుట్టాను. అవి, ఖాళీ బ్యాటరీ డబ్బా, చార్జరు, నల్ల గొట్టం సంచిలో వేసుకుని, ఒక చంకలో బిడ్డ, ఒక చేత్తో మూకుడు పట్టుకుని రోడ్డెక్కాను. వెనక నుంచి "స్తుతీ! ఏయ్ స్తుతీ!" అని కేక వినిపించింది. ఆటో ఆపాను.

ఆటోలో మిరపకాయలు కోసి వస్తున్న ఆడవాళ్ళు. ఒకామె మూకుట్లోకి తొంగిచూసింది.

"ఇసక ఎక్కడికమ్మాయ్, ఇంత జాగ్రత్తగా? గుడ్లు పొదిగిస్తున్నావా?"

"అలాంటిదేనక్కా. పొదిగితే ఆటోతో సహా అందరం లేస్తాం."

ఆమె నవ్వి జరిగి కూర్చుంది. నేను నవ్వలేదని తర్వాత చూసి, ఇంకొంచెం జరిగింది.

మీరా హుస్సేన్ గారి కొట్లో గోడలన్నీ స్ప్రేయర్లే. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని, ఒక పంపు విప్పి ముందేసుకుని కూర్చున్నారు. నేను లోపలికి అడుగుపెట్టేసరికే ప్రభు బండి కూడా వచ్చి ఆగింది. అతని చెంపలు ఎర్రబడి ఉన్నాయి.

"మీరా భాయ్, దీని మాటలు పట్టించుకోకండి. ఏదో భయపడి..."

"నువ్వాగు. అమ్మాయ్, ఏంటది?"

మూకుడు బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను. దాచలేదు. ఉయ్యాల చీర కూడా సంచిలోనే తెచ్చాను. చిల్లు చూపించాను. ఆ చిల్లులోంచి ఆయన ఫెబా వైపు చూశారు. తర్వాత కళ్ళద్దాలు కిందికి దించుకున్నారు.

"ఈ గుడ్డల్లో చుట్టింది ఎవరు?"

"నేనే బాబాయ్. ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో అని."

"ఈ తెలివి నీ మొగుడికి ఉంటే నా దగ్గరికి వచ్చే పనే లేదు." ప్రభు వైపు తిరిగారు. "సెల్లు తొడుగు చిరిగింది. పైగా అదే జేబులో తాళంచెవి పడేశావు. ఇనుము అటూ ఇటూ తగిలి ఉన్న కరెంటంతా ఒక్కసారి తిరిగింది. కాలక ఏం చేస్తుంది? సరే, ఈ చార్జరుతో ఎలా పెట్టావు?"

"రెండు వైర్లు కొసలకి పట్టించి..."

"ఎంతసేపు?"

"ఓ పావుగంట. వేడెక్కగానే తీసేసేవాణ్ణి."

ఆయన నెమ్మదిగా ఊపిరి వదిలారు. నాకు బల్ల కింద నుంచి స్టూలు జరిపి కూర్చోమన్నారు. ఆ తర్వాత మాటలు ప్రభుకి కాకుండా నాకే చెప్పారు.

"చూడమ్మాయ్. స్ప్రేయరు బ్యాటరీలో ఈ సెల్లులు మూడు వరసగా ఉంటాయి. ఒక్కో సెల్లు నిండితే నాలుగు పాయింట్ రెండు. అక్కడ ఆపెయ్యాలి. మూడూ కలిపితే ఎంత?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. "పన్నెండు పాయింట్ ఆరు."

"అదే ఈ చార్జరు మీద ఉన్నది. ఇది ముగ్గురికి వండిన అన్నం. నీ మొగుడు ముగ్గురి అన్నం ఒక్కడి పొట్టలో కుక్కాడు. బ్యాటరీలో చిన్న బోర్డు ఒకటుంటుంది, కాపలా. నిండిందా, వేడెక్కిందా అని చూసి ఆపేస్తుంది. విడదీశాక ఆ కాపలా పోయింది."

నాలో ఏదో సర్దుకున్నట్టయింది. నేను చూసిన అంకెలు అబద్ధం చెప్పలేదు. నేను తిక్కదాన్ని కాదు. ఆ సంతోషం కూడా ఎంతోసేపు లేదు.

ఆయన నల్ల గొట్టం విప్పి లోపలి తీగచుట్ట చూశారు. "స్ప్రేయరు పంపు నెమ్మదిగా లాగుతుంది. రోజంతా మోసే కూలీలాగా ఆ సెల్లు దానికి సరిపోతుంది. ఇది అలా కాదు. నొక్కగానే ఒక్కసారి గుంజుతుంది. దీనికి ఎక్కువ కరెంటుకి ఓర్చుకునే సెల్లు కావాలి, దాని చార్జరు దానికే కావాలి. సైజు సరిపోయిందని పెట్టేస్తే ఇద్దరు ఎత్తే మిరప టిక్కీ బస్తా ఒక్కడి నెత్తిన పెట్టినట్టే. కాసేపు మోస్తాడు. తర్వాత కూలబడతాడు. మనిషైతే పక్కకి పడతాడు. ఇది పేలుతుంది."

"మరి ఈ బిళ్ళ?" అడుగున అంకెలు చూపించాను.

"అది వోల్టేజి. కింద మూడు పాయింట్ మూడు, పైన నాలుగు పాయింట్ ఎనిమిది. ఎంత పైకి తిప్పితే అంత ఘాటు, సెల్లు మీద అంత బరువు." ప్రభు వైపు చూశారు. "నువ్వెక్కడ పెట్టావు?"

"అడుగునే భాయ్. నాకు దగ్గొస్తుంది."

"అందుకే బతికిపోయావు. చూడు ప్రభూ, ఏ సెల్లు సరైనదో చెప్పాను కదా అని వెళ్ళి వెతుక్కోకు. నేను అమ్మను, ఈ గొట్టం ఎవరమ్మినా నేరమే. నేను చెప్పింది నువ్వు తాగడానికి కాదు. ఎందుకు తాగకూడదో తెలియాలని."

ప్రభు తలదించుకున్నాడు. ఫెబా అతని వైపు చేతులు చాపింది. ఎత్తుకున్నాడు. బిడ్డ మెడలో మొహం దాచుకున్నాడు. మూడేళ్ళలో నాతో ఎప్పుడూ అనని మాట ఆ మెడలోకే అన్నాడు. "తప్పయిపోయింది."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. గొట్టాన్ని ఆయన దగ్గరే వదిలేసి, బిడ్డకి కొత్త ఉయ్యాల చీర ఒకటి చూసుకుని ఇంటికి పోదామని లేచాను.

మీరా హుస్సేన్ గారు పాతగుడ్డలు ఒక్కొక్కటే విప్పి సెల్లుల్ని వరసగా పేరుస్తున్నారు. ఊడదీసిన బ్యాటరీ డబ్బా తిప్పి లోపల గళ్ళు చూశారు. చెయ్యి ఆగిపోయింది.

"ఇది రెండు వరసల బ్యాటరీ, వరసకి మూడు. ఆరు సెల్లులు ఉండాలి. ఇక్కడ నాలుగు. మూకుట్లో ఒకటి." కళ్ళద్దాల మీదుగా చూశారు. "ఆరోది ఏది?"

ప్రభు తల తిప్పి రోడ్డు వైపు చూశాడు.

"కరుణాకర్ గొట్టాలు ఎన్ని తెచ్చాడు?" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"...రెండు."

"రెండోది ఎవరికిచ్చావు?"

బిడ్డని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"నాన్నకి."

నేను నమ్మలేదు. మావయ్య ఎప్పుడో చుట్ట మానేశాడు. కొత్త సంవత్సరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం నాడు చర్చి సంఘ పెద్దల్ని ఎన్నుకుంటారు. పొగతాగేవాడిని పెద్దగా నిలబెట్టనని పాస్టరు గారు ఖండితంగా చెబితే, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో వదిలేశాడు. నేను ఊరంతా చెప్పుకున్నాను. మా మావయ్యని చూడండి అని ప్రభుని రోజూ దెప్పాను.

"వదల్లేకపోయాడే," అన్నాడు ప్రభు. "చేతులు వణికేవి. అన్నం సయించేది కాదు. నేనే ఇచ్చాను. కంపు రాదు, నిప్పు లేదు, ఎవరికీ తెలియదు అని చెప్పాను. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. 'నా కోడలు గడప దగ్గర నన్ను చూసి ధైర్యంగా ఉంటుందిరా, ఆ పిల్ల ముందు చులకన కాలేను' అన్నాడు."

"ఆ బిళ్ళ ఎక్కడ పెట్టుకున్నాడు?" మీరా హుస్సేన్ గారు గట్టిగా అడిగారు. "మీ నాన్న. ఆ అంకె ఎక్కడుంది?"

ప్రభు మొహంలో రంగు మారింది.

"చుట్ట తాగిన గొంతుకి ఇది నీళ్ళమజ్జిగలా ఉందిరా అన్నాడు. చివరిదాకా తిప్పేశాడు."

"ఇప్పుడు అతనెక్కడ?"

మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మావయ్య ఎక్కడున్నాడో మా ఊళ్ళో అందరికీ తెలుసు. గుంటూరు రోడ్డులో, జిన్నింగు మిల్లు ముందు ట్రాక్టర్ల వరసలో, మా పత్తి బోరాల మీద.

ప్రభు మావయ్యకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. ప్రభు మళ్ళీ అదే నంబరు నొక్కుతుంటే నేనే ఫోను లాక్కుని ట్రాక్టరు డ్రైవరు వీరబాబుకి చేశాను. రెండోసారికి ఎత్తాడు. నేను స్తుతినని చెప్పాను.

"చెప్పు వదినా. వరస కదల్లేదు. మా ముందు ఇంకా పద్నాలుగు బళ్ళున్నాయి. ఎండ మాడ్చేస్తోంది."

"వీరబాబూ, మావయ్య ఏడీ?"

"పైనే. బోరాల మీద పడుకున్నాడు. మొహాన తువ్వాలు కప్పుకున్నాడు."

"ఆయన జేబులో నల్ల గొట్టం ఒకటుంటుంది. ముందు అది తీసి దూరంగా పడెయ్. తర్వాత ఆయన్ని దింపు."

"గొట్టమా? ఓ, అదా! పొద్దున చూశాను. టీ తాగేటప్పుడు పీలుస్తున్నాడు. అది సిగరెట్టు కాదులే వదినా, నిప్పుండదు." వాడు నవ్వాడు. "నువ్వేం కంగారుపడకు. గేటు దగ్గర వాచ్‌మెన్ అందరి జేబులూ తడిమాడు. అగ్గిపెట్టెలు, బీడీలు, లైటర్లు అన్నీ లాగేసుకున్నాడు. దాన్ని చూసి కూడా, ఇదేదో టార్చిలైటులే అని బాబాయి జేబులో బాబాయికే పెట్టేశాడు."

"ఒరేయ్ వీరబాబూ, ఎక్కరా పైకి! ఇప్పుడే ఎక్కు!"

నా కేకకి ఫెబా ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. ఫోనులో ఇనుము మీద కాళ్ళ చప్పుడు వినిపించింది. మోకు పట్టుకుని ఎక్కుతున్నాడు.

"బాబాయ్! మార్కు బాబాయ్! ఇదిగో, కోడలు పిలుస్తోంది... లేవయ్యా..." వాడి గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అందులో నవ్వు లేదు. "వదినా, ఇక్కడేదో మాడు వాసన..."

ఫోను తెగిపోయింది.

ప్రభు బిడ్డని నా చేతిలో పెట్టి బండెక్కాడు. మీరా హుస్సేన్ గారు ఇసక బస్తా ఒకటి భుజానేసుకుని వెనక కూర్చున్నారు. కొట్టు తెరిచే ఉంది. కొట్లో నేను, ఏడుస్తున్న ఫెబా, బల్ల మీద మూకుడు. వీరబాబు నంబరు మళ్ళీ నొక్కాను. అందుబాటులో లేదంది. మావయ్య నంబరు నొక్కాను. మోగుతోంది. ఆ మోత ఆయన జేబులోనే అయ్యుంటుంది. ఆ గొట్టం పక్కనే.

బండి ప్రత్తిపాడు దాటి మిల్లు చేరేలోపు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. మీరు చెయ్యగలిగింది ఉంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు 'నిప్పు లేదులే' అని చెప్పి ఇలాంటిది దాచుకుని ఉంటారు. తండ్రో, మొగుడో, తమ్ముడో. ఈపాటికి భోంచేసి నడుం వాల్చి ఉంటారు. ఈ పుస్తకం ఒక్క నిమిషం పక్కన పెట్టండి. వెళ్ళి ఆ మనిషి జేబు తడిమి చూడండి. కోప్పడతారని ఆగకండి, లేపండి. పలికితే చాలు.

వెళ్ళి చూసి రండి. నేను ఈ ఫోను చెవికి పెట్టుకుని ఇక్కడే నిలబడి ఉంటాను.